మహమ్మారి నియంత్రణ, టీకాల పంపిణీ: ప్రభుత్వాల పనితీరును పోల్చడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కోవిడ్-19ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. 2023 మే 5న ఆ ప్రకటనను ఎత్తివేసింది. ఈ మధ్యకాలంలో ఒకే వైరస్‌ను దాదాపు రెండు వందల ప్రభుత్వాలు తలా ఒక తీరుగా ఎదుర్కొన్నాయి. ఎవరు ఏం చేశారు, ఫలితం ఏమైంది, దాన్ని ఏ కొలతతో చూడాలి అనే విషయాలపై పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

అన్నిటికన్నా బాగా ఎదుర్కొన్న దేశం ఏది?

ఈ ప్రశ్నకు తేదీ చెప్పకుండా సమాధానం ఇవ్వడం సాధ్యం కాదు. 2020 డిసెంబరు చివరి నాటికి వియత్నాంలో కోవిడ్ మరణాలు 35 మాత్రమే. ఆ రోజున ఎవరిని అడిగినా ఆ దేశాన్ని ఆదర్శంగా చూపేవారు. డెల్టా రకం వైరస్ వచ్చిన 2021 ముగిసేసరికి అక్కడి మరణాలు 32 వేలు దాటాయి. తైవాన్‌లో 2020 మొత్తం మీద ఏడుగురే మరణించారు, కానీ 2021 మేలో వైరస్ లోపలికి వచ్చినప్పుడు అక్కడ టీకా అందినవారు జనాభాలో ఒక శాతం దరిదాపుల్లోనే ఉన్నారు. మొదటి ఏడాది మార్కులు తక్కువ వచ్చిన బ్రిటన్ టీకాలు మొదలుపెట్టడంలో పాశ్చాత్య దేశాలన్నిటికన్నా ముందుంది. కాబట్టి ఎవరైనా ర్యాంకుల పట్టిక చూపిస్తే, అది ఏ నెల నాటిదో, దేన్ని లెక్కపెట్టి తయారు చేశారో ముందుగా అడగాలి. ఈ రెండూ తెలియని పట్టికకు విలువ లేదని మా అభిప్రాయం.

ప్రభుత్వాలు ప్రకటించిన మరణాల సంఖ్యను నమ్మి పోల్చవచ్చా?

జాగ్రత్తగా పోల్చాలి, ఎందుకంటే కోవిడ్ మరణం అంటే ఏమిటో దేశాలు ఒకే విధంగా నిర్వచించుకోలేదు. బెల్జియం మొదటి నుంచీ వృద్ధాశ్రమాల్లో పరీక్ష జరగకుండా మరణించిన అనుమానిత రోగులను కూడా లెక్కలో చేర్చింది, దాంతో 2020 వసంతంలో ఆ దేశం పట్టికలో అధ్వానంగా కనిపించింది. బ్రిటన్ 2020 ఆగస్టులో నిర్వచనం మార్చి, పాజిటివ్ వచ్చిన 28 రోజుల లోపు జరిగిన మరణాలనే లెక్కిస్తామని చెప్పగానే అధికారిక సంఖ్య ఒక్క రోజులో 5 వేలకు పైగా తగ్గిపోయింది. పెరూ దీనికి ఎదురు దిశలో నడిచింది. నిపుణుల బృందం చేత రికార్డులు తిరగదోడించి, 2021 మే 31న తన మరణాల సంఖ్యను 69,342 నుంచి 1,80,764కు సవరించుకుంది. ఆ సవరణతో జనాభా దామాషాలో ప్రపంచంలోనే అత్యధిక మరణాలు నమోదైన దేశంగా పెరూ నిలిచింది. నిజాయితీగా లెక్క సరిచేసుకున్నందుకు పట్టికలో కిందికి జారిపోవడం ఈ పోలికల్లోని వైచిత్రి. టాంజానియా ప్రభుత్వమైతే 2020 మే నుంచి ఏడాదికి పైగా అసలు సంఖ్యలు ప్రకటించడమే మానేసింది.

అందుకే గణాంకవేత్తలు అదనపు మరణాలను చూస్తారు. మామూలు సంవత్సరాల్లో ఒక దేశంలో ఎంతమంది చనిపోతారో అంచనా వేసి, మహమ్మారి కాలంలో నిజంగా చనిపోయినవారి సంఖ్యలోంచి దాన్ని తీసివేస్తే మిగిలేది అదనపు మరణాలు. పరీక్ష జరిగిందా లేదా, ధ్రువపత్రంలో ఏ కారణం రాశారు అన్న చిక్కులు ఇందులో రావు. ఆసుపత్రులు నిండిపోయి వైద్యం అందక ఇతర జబ్బులతో పోయినవారు కూడా ఇందులో చేరతారు. 2020, 2021 సంవత్సరాల్లో ప్రపంచవ్యాప్తంగా 1.49 కోట్ల అదనపు మరణాలు జరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. అదే కాలానికి దేశాలు ప్రకటించిన కోవిడ్ మరణాలు సుమారు 54 లక్షలు.

అదనపు మరణాల లెక్కపై వివాదాలు లేవా?

ఉన్నాయి. మరణాల నమోదు పూర్తిగా జరగని దేశాల్లో ఆ సంఖ్య గణిత నమూనాల నుంచి వస్తుంది, నమూనా మారితే సంఖ్యా మారుతుంది. భారత్‌లో 2021 చివరి వరకు సుమారు 47 లక్షల అదనపు మరణాలు జరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పగా, అధికారిక సంఖ్య 4.8 లక్షల దగ్గర ఉంది. భారత ప్రభుత్వం ఆ పద్ధతినే తప్పుపట్టింది. పక్కాగా చెప్పాలంటే పౌర నమోదు వ్యవస్థ బలంగా ఉన్న దేశాల మధ్య ఈ కొలత గట్టిగా నిలుస్తుంది. మిగిలినచోట్ల అంచనాతో పాటు దాని పైహద్దు, కిందిహద్దు కూడా చూసుకోవాలి.

కేసుల సంఖ్యతో పోల్చితే?

వద్దు. ఎక్కువ పరీక్షలు చేసినవారికి ఎక్కువ కేసులు కనిపిస్తాయి. ఇంట్లో చేసుకునే పరీక్షలు వచ్చాక ఆ సంఖ్యకు మిగిలిన కాస్త విలువ కూడా పోయింది.

మహమ్మారికి ముందే సన్నద్ధత ర్యాంకులు ఉండేవి కదా, అవి ఎందుకు తారుమారయ్యాయి?

2019 అక్టోబరులో వెలువడిన ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీ 195 దేశాలను బేరీజు వేసి అమెరికాకు మొదటి స్థానం, బ్రిటన్‌కు రెండో స్థానం ఇచ్చింది. న్యూజీలండ్ 35వ స్థానంలో, వియత్నాం 50వ స్థానంలో ఉన్నాయి. కొద్ది నెలల్లోనే ఆ వరుస తలకిందులైంది. ప్రయోగశాలలు, నిపుణులు, ప్రణాళికా పత్రాలు ఎన్ని ఉన్నాయో ఆ సూచీ లెక్కించింది. వాటిని ఎవరు ఎప్పుడు వాడతారు, నాయకుడు నిపుణుడి మాట వింటాడా, జనం ప్రభుత్వం మాట వింటారా అన్నది సూచీకి చిక్కలేదు. బ్రిటన్‌లో సన్నద్ధత లేదనడం కూడా సరి కాదు; అక్కడి బహిరంగ విచారణ సంఘం 2024 జులైలో ఇచ్చిన మొదటి నివేదిక ప్రకారం ఆ దేశం సిద్ధపడింది, కానీ ఇన్‌ఫ్లుయెంజాకు సిద్ధపడింది. రాబోయేది ఫ్లూ అనుకున్న ప్రణాళికలో వ్యాప్తిని ఆపాలన్న ఆలోచనకే పెద్దగా చోటు లేదు. వచ్చాక నష్టాన్ని ఎలా భరించాలన్నదే అందులో ఎక్కువ.

దక్షిణ కొరియా ఉదాహరణ ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోదగినది. 2015లో మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి ఆ దేశంలోకి ప్రవేశించి 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. సంఖ్య చిన్నదే. అయితే వ్యాధి ఆసుపత్రుల్లోనే వ్యాపించడం, ఆ ఆసుపత్రుల పేర్లను ప్రభుత్వం మొదట దాచిపెట్టడం, పరీక్షలు చాలకపోవడం ప్రజల్లో తీవ్ర ఆగ్రహం కలిగించాయి. ఆ తర్వాత చట్టం మార్చి, అత్యవసర సమయంలో పరీక్షా కిట్లకు వేగంగా అనుమతి ఇచ్చే అధికారాన్ని కల్పించుకున్నారు. 2020 జనవరి 27న ఆరోగ్య అధికారులు కిట్ల తయారీదారులను సోల్ రైల్వే స్టేషన్‌కే పిలిపించి మాట్లాడినప్పుడు ఆ దేశంలో ఉన్న కేసులు నాలుగే. ఫిబ్రవరి 4 నాటికి మొదటి కిట్‌కు అనుమతి వచ్చింది. తైవాన్‌కు కూడా ఇలాంటి చేదు అనుభవమే, 2003 నాటి సార్స్ రూపంలో, ఉంది. వూహాన్ నుంచి వచ్చే విమానాల్లో ప్రయాణికుల తనిఖీని అక్కడ 2019 డిసెంబరు 31నే మొదలుపెట్టారు. చేయి కాలిన అనుభవం ఉన్నవారు ముందు కదిలారు. ర్యాంకుల పట్టిక ఆ అనుభవాన్ని లెక్కించలేదు.

లాక్‌డౌన్ పెట్టని స్వీడన్ గెలిచిందా, ఓడిందా?

ఈ ఒక్క దేశం గురించి జరిగినంత వాదోపవాదం మరే దేశం గురించీ జరగలేదు. ఇరుపక్షాలూ తమకు అనుకూలమైన సగాన్నే చెబుతాయి కాబట్టి మొత్తం చెప్పుకోవడం అవసరం.

స్వీడన్ ఏమీ చేయకుండా కూర్చుందనడం అవాస్తవం. 2020 మార్చిలో పెద్ద తరగతుల విద్యార్థులకు, విశ్వవిద్యాలయాలకు దూరవిద్య పెట్టారు. 50 మందికి మించి గుమిగూడడాన్ని నిషేధించారు. వృద్ధాశ్రమాలకు సందర్శకులను రానివ్వలేదు. చిన్న తరగతుల బడులు, దుకాణాలు, భోజనశాలలు తెరిచే ఉంచారు. ప్రజారోగ్య సంస్థలోని అంటువ్యాధుల నిపుణుడు అండెర్స్ టెగ్నెల్ మాటకు అక్కడ మంత్రుల మాట కన్నా బరువుండేది. నిర్బంధం బదులు సలహాల మీద ఆధారపడటం ఆ దేశపు పరిపాలనా సంప్రదాయంలోనే ఉంది.

మొదటి ఏడాది ఫలితం బాధాకరం. పొరుగున ఉన్న నార్వే, ఫిన్లండ్ కన్నా స్వీడన్‌లో మరణాలు ఎన్నో రెట్లు ఎక్కువ, అందులో చాలా భాగం వృద్ధాశ్రమాల్లోనే. ఆ ఏడాది డిసెంబరులో రాజు కార్ల్ గుస్తాఫ్ తాము విఫలమయ్యామని బహిరంగంగా అన్నారు. అయితే 2020 నుంచి 2022 వరకు మూడేళ్ళూ కలిపి చూస్తే, అదనపు మరణాల రేటు యూరప్‌లో అత్యల్పంగా ఉన్న దేశాల్లో స్వీడన్ ఒకటి. ప్రభుత్వం నియమించిన కరోనా కమిషన్ 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన తుది నివేదిక రెండు మాటలూ చెప్పింది. నిర్బంధం లేని మార్గం మౌలికంగా సరైనదేనని అంటూనే, మొదటి వారాల్లో ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా చర్యలు తీసుకోవాల్సిందని తప్పుపట్టింది. ఒక్కరే ఉండే ఇళ్ళు ఎక్కువ, ఇంటి నుంచి పనిచేసే వీలు ఎక్కువ, జీతంతో కూడిన అనారోగ్య సెలవు ఉన్న సమాజంలో పనిచేసిన విధానాన్ని ఇరుకు గదుల్లో పదిమంది ఉండే దేశానికి యథాతథంగా తెచ్చి పెట్టలేం.

ద్వీపం కాబట్టి న్యూజీలండ్‌కు సులువైంది అంటారు. నిజమేనా?

సముద్రం సహాయపడింది, అందులో సందేహం లేదు. కానీ బ్రిటన్ కూడా ద్వీపమే. న్యూజీలండ్ 2020 మార్చి 19న సరిహద్దులు మూసి, మార్చి 25 అర్ధరాత్రి నుంచి అత్యంత కఠినమైన లాక్‌డౌన్‌లోకి వెళ్ళింది. ఆ తర్వాత 102 రోజుల పాటు స్థానిక వ్యాప్తి లేకుండా గడిపింది. డెల్టా వచ్చి వైరస్‌ను పూర్తిగా తుడిచిపెట్టడం అసాధ్యమని తేలాక, 2021 అక్టోబరులో ఆ లక్ష్యాన్ని వదులుకుంటున్నట్టు చెప్పి, టీకాల మీద దృష్టి పెట్టింది. మా దృష్టిలో ఆ దేశపు అసలు విజయం ఈ మలుపులోనే ఉంది. సరిహద్దులు పూర్తిగా తెరిచేనాటికి జనంలో ఎక్కువమందికి రెండేసి డోసులు అందాయి. దీనికి మూల్యమూ ఉంది: విదేశాల్లో చిక్కుకున్న సొంత పౌరులు క్వారంటైన్ గదుల కోసం లాటరీలో నెలల తరబడి ఎదురుచూశారు.

ఆస్ట్రేలియా కూడా సరిహద్దులు మూసింది, కానీ టీకాల కొనుగోలులో వెనుకబడింది. మెల్‌బోర్న్ నగరం ఆరు విడతల్లో మొత్తం 262 రోజులు లాక్‌డౌన్‌లో గడపడానికి అదొక కారణం.

చైనా, హాంకాంగ్ అనుసరించిన విధానం ఎక్కడ బెడిసింది?

బయటపడే దారి దగ్గర. వ్యాప్తిని సున్నా దగ్గర ఉంచే విధానం కాలాన్ని కొనిపెడుతుంది. కొన్న కాలంలో వృద్ధులకు టీకాలు వేయాలి. హాంకాంగ్‌లో టీకాలకు కొరత లేదు, నగరంలో వైద్యులకు కొరత లేదు. వ్యాధి కంటికి కనిపించకపోవడంతో వృద్ధులు, వారి పిల్లలు టీకా దుష్ప్రభావాలకే ఎక్కువ భయపడ్డారు, 80 ఏళ్ళు దాటినవారిలో అత్యధికులు టీకా లేకుండానే ఉండిపోయారు. 2022 ఆరంభం వరకు రెండేళ్ళలో 213 మరణాలే చూసిన ఆ నగరంలో ఒమిక్రాన్ రకం వైరస్ కొద్ది నెలల్లోనే 9 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఈ హెచ్చరిక కళ్ళ ముందే ఉన్నా చైనా ప్రధాన భూభాగంలో అదే పునరావృతమైంది. షాంఘైని రెండు నెలలు మూసిపెట్టిన ప్రభుత్వం, నిరసనల తర్వాత 2022 డిసెంబరు 7న ఆంక్షలను దాదాపు ఒక్కసారిగా ఎత్తివేసింది, అదీ చలికాలం నడిమధ్యలో. తర్వాతి ఐదు వారాల్లో ఆసుపత్రుల్లో సుమారు 60 వేల మంది చనిపోయారని అధికారులే ప్రకటించారు. ఇళ్ళలో పోయినవారు ఆ లెక్కలో లేరు.

టీకాలు కొన్ని దేశాలకు ముందుగా ఎలా దక్కాయి?

పనిచేస్తాయో లేదో తెలియకముందే డబ్బు కట్టిన దేశాలకు ముందుగా దక్కాయి. అమెరికా 2020 మేలో ఆపరేషన్ వార్ప్ స్పీడ్ పేరుతో ఒక కార్యక్రమం ప్రకటించి, పరీక్షలు ఇంకా సాగుతుండగానే వేర్వేరు సాంకేతికతలకు చెందిన పలు టీకాలపై 1,000 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించింది. ఒకటి రెండు విఫలమైనా మిగిలినవి అక్కరకు వస్తాయన్నది లెక్క. బ్రిటన్ కూడా ఇదే దారిలో కేట్ బింగమ్ నాయకత్వాన టీకా కార్యదళాన్ని ఏర్పాటు చేసి, ఫైజర్ టీకాకు 2020 డిసెంబరు 2న అనుమతి ఇచ్చింది, 8న సూది వేయడం మొదలుపెట్టింది. యూరోపియన్ యూనియన్ 27 దేశాల తరఫున ఉమ్మడిగా బేరమాడింది. చిన్న దేశాలు పెద్దవాటితో పోటీ పడి నలిగిపోకుండా అది కాపాడింది, కానీ 2021 మొదటి నెలల్లో సరఫరా చాలక విమర్శల పాలైంది.

కొనడం ఒకటి, చేతికి చేరడం మరొకటి అని వార్ప్ స్పీడే రుజువు చేసింది. 2020 ముగిసేలోగా 2 కోట్ల మందికి టీకా అన్నది అమెరికా లక్ష్యం; నిజంగా అందింది 30 లక్షల లోపు. శాస్త్రానికి, కర్మాగారాలకు నిధులు కురిసినా, సూది వేయాల్సిన రాష్ట్ర, స్థానిక ఆరోగ్య విభాగాలకు సకాలంలో నిధులు చేరలేదు.

మరి పంపిణీలో ఎవరు మెరుగ్గా చేశారు?

ఇజ్రాయెల్ పేరు అందరూ చెబుతారు. సుమారు 90 లక్షల జనాభా, ప్రతి పౌరుడూ బీమాతో పాటు వైద్యం అందించే నాలుగు ఆరోగ్య నిధుల్లో ఏదో ఒకదానిలో సభ్యుడు, దశాబ్దాల వైద్య రికార్డులు కంప్యూటర్లలో ఉన్నాయి. ఆ సమాచారాన్ని అధ్యయనానికి అందించే ఒప్పందంతో ఫైజర్ నుంచి డోసులను ముందుగా తెచ్చుకుంది. 2021 జనవరి చివరికి జనాభాలో మూడో వంతుకు మొదటి డోసు అందింది. అదే సమయంలో వెస్ట్ బ్యాంక్, గాజాలోని పాలస్తీనియన్లకు టీకాలు దాదాపు లేవన్నది ఆ విజయగాథలో చాలామంది వదిలేసే పేరా.

పోర్చుగల్ కథ వేరు. వరుస తప్పించి టీకాలు వేసిన వివాదంలో కార్యదళం అధిపతి 2021 ఫిబ్రవరిలో రాజీనామా చేశాక, నౌకాదళ అధికారి ఎన్రిక్ గోవెయా ఎ మెలోకు బాధ్యత అప్పగించారు. ఆయన రాజకీయ పార్టీలను దూరంగా ఉంచి, దీన్ని యుద్ధ రవాణా పనిలా నడిపారు. సెప్టెంబరు ముగిసే నాటికి జనాభాలో సుమారు 85 శాతం మందికి పూర్తి డోసులు అందాయి. టీకాల మీద ఆ దేశ ప్రజలకు ముందు నుంచీ నమ్మకం ఉందన్నది కూడా నిజమే, సైనిక దుస్తులకే మొత్తం పేరు కట్టబెట్టనక్కరలేదు.

అన్నిటికన్నా ముచ్చటైనది భూటాన్. భారత్ బహుమతిగా పంపిన డోసులు చేతికి వచ్చినా వెంటనే మొదలుపెట్టలేదు; దేశమంతటికీ సరిపడా సమకూడే వరకు, మంచి ముహూర్తం కుదిరే వరకు ఆగింది. 2021 మార్చి 27న ప్రారంభించి, రెండు వారాలు దాటేసరికి అర్హులైన పెద్దల్లో సుమారు 93 శాతం మందికి మొదటి డోసు వేసింది. నమ్మకం కలిగించే పనిని ముందు పూర్తిచేసి, సూది పనిని తర్వాత ఒకేసారి ముగించింది.

ఎవరికి ముందు వేయాలన్నది దేశాలు ఎలా నిర్ణయించాయి?

చాలా దేశాలు ఆరోగ్య సిబ్బంది, ఆ తర్వాత వయసు క్రమం పాటించాయి. వయసే అన్నిటికన్నా పెద్ద ప్రమాద కారణం, పైగా దాన్ని నిరూపించడానికి ఒక్క గుర్తింపు పత్రం చాలు. వృత్తుల వారీగా, జబ్బుల వారీగా వర్గాలు పెంచుకుంటూ పోయినచోట్ల పత్రాల పరిశీలనకే సమయం హరించుకుపోయింది.

డోసుల మధ్య వ్యవధి విషయంలో బ్రిటన్ 2020 డిసెంబరు 30న సాహసమే చేసింది. ఎక్కువమందికి త్వరగా మొదటి డోసు అందించడానికి రెండో డోసును 12 వారాల వరకు వాయిదా వేసింది. మూడు వారాలకు మించి తమ దగ్గర ఆధారాలు లేవని ఫైజర్ హెచ్చరించింది, విదేశీ నిపుణులు కొందరు తప్పుపట్టారు. ఎక్కువ వ్యవధి ఇచ్చినప్పుడు యాంటీబాడీలు ఇంకా బలంగా వచ్చాయని తర్వాతి అధ్యయనాల్లో తేలింది. అప్పటికి ఉన్న సమాచారంతో అది జూదం కాదని అనలేం; కానీ రోజూ వేలమంది ఆసుపత్రుల్లో చేరుతున్నప్పుడు నిర్ణయం వాయిదా వేయడం కూడా జూదమే.

ఆస్ట్రాజెనెకా టీకాను ఆపిన దేశాలు సరిగ్గా చేశాయా?

2021 మార్చిలో అరుదైన రక్తం గడ్డకట్టే సమస్య బయటపడగానే డెన్మార్క్, ఆ వెంటనే జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ తదితర దేశాలు తాత్కాలికంగా ఆపాయి. ముప్పు కన్నా ప్రయోజనమే ఎక్కువని యూరోపియన్ మందుల సంస్థ మార్చి 18న చెప్పింది. బ్రిటన్ ఆపకుండా, తొలుత 30 ఏళ్ళ లోపు వారికి, తర్వాత 40 ఏళ్ళ లోపు వారికి వేరే టీకా ఇవ్వాలని సూచించింది. డెన్మార్క్ ఏకంగా ఆ టీకాను వదిలేసింది. దాని దగ్గర వేరే టీకాలు ఉన్నాయి, వ్యాధి అదుపులో ఉంది, కాబట్టి ఆ లెక్క దానికి సరిపోయింది. జర్మనీ తీరే జనాన్ని అయోమయంలో పడేసింది. వృద్ధులపై తగిన సమాచారం లేదంటూ జనవరిలో 65 ఏళ్ళ లోపు వారికే సిఫారసు చేసిన టీకాను, మార్చి చివరికి 60 దాటినవారికే సిఫారసు చేసింది. రెండు నిర్ణయాలకూ ఆనాటి ఆధారం ఉంది. రెండూ వరుసగా విన్న సామాన్యుడికి మాత్రం ఆ టీకా మీద గురి పోయింది. అపాయం కనబడగానే దాచకుండా చెప్పిన వ్యవస్థే కొనసాగే విశ్వాసాన్ని సంపాదిస్తుందని మేము నమ్ముతాం, అయితే ఆ నెలల్లో దాని ఖరీదు ఎక్కువే అయింది.

భారత్ అనుభవాన్ని ఎలా చూడాలి?

ఒకే దేశంలో రెండు వేర్వేరు కథలుగా చూడాలి. 2020 మార్చి 24 రాత్రి ప్రధాని ప్రకటన వచ్చిన నాలుగు గంటల్లో 130 కోట్లకు పైగా జనాభా లాక్‌డౌన్‌లోకి వెళ్ళింది. వలస కార్మికులు వందల కిలోమీటర్లు నడిచి సొంతూళ్ళకు చేరాల్సి వచ్చింది. 2021 జనవరి 16న టీకాలు మొదలైనా తొలి నెలల్లో వేగం అందుకోలేదు, ఏప్రిల్, మే నెలల రెండో ఉద్ధృతి నాటికి పడకలు, ఆక్సిజన్ లేక జనం అల్లాడారు. సరిగ్గా అప్పుడే, మే 1 నుంచి 18 ఏళ్ళు దాటిన అందరికీ అర్హత కల్పిస్తూ, ఉత్పత్తిలో సగాన్ని రాష్ట్రాలు, ప్రైవేటు ఆసుపత్రులే కొనుక్కోవాలన్న విధానం తెచ్చారు. రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీపడి ప్రపంచ టెండర్లు పిలిచి, స్పందన లేక వెనుదిరిగాయి. 18 నుంచి 44 ఏళ్ళ వారు డబ్బు చెల్లించాలన్న నియమం పైకి చూస్తేనే నిరంకుశంగా, అహేతుకంగా ఉందని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. జూన్ 21 నుంచి కేంద్రం 75 శాతం కొనుగోలును తిరిగి చేపట్టి ఉచితంగా అందించసాగింది. ఆ దిద్దుబాటు తర్వాత సాగిన పని మాత్రం అసాధారణం. దశాబ్దాల పోలియో, పిల్లల టీకాల అనుభవం ఉన్న క్షేత్రస్థాయి సిబ్బంది, దేశీయ ఉత్పత్తి తోడై అక్టోబరు 21కి వంద కోట్ల డోసులు, 2022 జులై 17కి రెండు వందల కోట్ల డోసులు పూర్తయ్యాయి. టీకా నమోదుకు పెట్టిన కోవిన్ అనే ఆన్‌లైన్ వేదిక ఒకచోట లెక్క ఉంచింది, కానీ మొదట్లో స్మార్ట్‌ఫోను లేనివారికి అదే గోడ అయింది.

టీకాను తప్పనిసరి చేయడం ఫలితమిచ్చిందా?

నేరుగా బలవంతం పెట్టిన చోట కన్నా పరోక్షంగా ఒత్తిడి తెచ్చిన చోట ఎక్కువ ఫలితం కనబడింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 2021 జులై 12న భోజనశాలలకు, రైళ్ళకు ఆరోగ్య పాస్ (టీకా లేదా నెగెటివ్ పరీక్ష వంటి రుజువు) తప్పనిసరి అవుతుందని చెప్పిన ఒక్క రోజులో 9 లక్షల మందికి పైగా టీకా కోసం సమయం తీసుకున్నారు. ఆస్ట్రియా పెద్దలందరికీ టీకాను చట్టబద్ధంగా తప్పనిసరి చేసింది. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన ఆ చట్టం మార్చిలో నిలిచిపోయి, వేసవికి రద్దయింది.

పేద దేశాలకు అంత ఆలస్యం ఎందుకు అయింది?

దేశాలన్నిటికీ టీకాలు అందేలా చూడడానికి పెట్టిన కోవాక్స్ అనే ఉమ్మడి ఏర్పాటు 2021 చివరికి 200 కోట్ల డోసులు పంచాలనుకుంది. తొలి విడత ఘనాకు ఫిబ్రవరి 24న చేరింది. కానీ వందో కోటి డోసు 2022 జనవరి మధ్యలో గాని అందలేదు. కోవాక్స్‌కు డబ్బు చేరేలోగా సంపన్న దేశాలు తమ జనాభాకు మించిన డోసులను ముందే బుక్ చేసుకున్నాయి. అది ప్రధానంగా నమ్ముకున్న భారతీయ సరఫరా, దేశంలో రెండో ఉద్ధృతి రావడంతో 2021 వసంతంలో ఆగిపోయింది. ఒక్క సరఫరాదారు మీద ఆధారపడటం ఆ ప్రణాళికలోని లోపమే. తర్వాత విరాళాలు వచ్చినా గడువు తీరే దశలో వచ్చాయి. మలావీ 2021 మేలో గడువు దాటిన దాదాపు 20 వేల డోసులను తగలబెట్టింది, కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్ 17 లక్షల్లో 13 లక్షల డోసులను వాడలేక ఇతర దేశాలకు ఇవ్వమని తిరిగి అప్పగించింది. వీటిని ఆ దేశాల అసమర్థతగా చూపినవారు ఉన్నారు. ఎప్పుడు, ఎన్ని వస్తాయో తెలియకుండా శీతల నిల్వలు, సిబ్బంది, ప్రచారం సిద్ధం చేయడం ఏ దేశానికైనా కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ 2021 ఆగస్టులో బూస్టర్లను, అంటే అదనపు డోసులను, కొంతకాలం ఆపమని కోరినా సంపన్న దేశాలు వినలేదు.

టీకాలు నిజంగా ఎన్ని ప్రాణాలు కాపాడాయి?

ఇంపీరియల్ కాలేజ్ లండన్ పరిశోధకుల గణిత అంచనా ప్రకారం మొదటి ఏడాదిలో 185 దేశాల్లో కోవిడ్ మరణాలుగా నమోదయ్యేవి 1.44 కోట్లు, అదనపు మరణాల ప్రాతిపదికన 1.98 కోట్లు తప్పాయి. అది నమూనా అంచనా అని గుర్తుంచుకుంటే చాలు.

తప్పులపై విచారణలు జరిగాయా?

కొన్నిచోట్ల గట్టిగా జరిగాయి. స్వీడన్ కమిషన్ సంగతి పైన చెప్పుకున్నాం. బ్రెజిల్ సెనేట్ విచారణ సంఘం 2021 అక్టోబరులో అధ్యక్షుడు బోల్సొనారోపై నేరాభియోగాలు మోపాలని సిఫారసు చేసింది. బ్రిటన్‌లో హీథర్ హాలెట్ నేతృత్వంలోని విచారణ ప్రభుత్వ నాయకుల వాట్సాప్ సందేశాలను సైతం బయటకు తీయించింది. లాక్‌డౌన్ ఒక వారం ముందు పెట్టి ఉంటే తొలి ఉద్ధృతిలో ఒక్క ఇంగ్లండ్‌లోనే 23 వేల మరణాలు తగ్గి ఉండేవని 2025 నవంబరు నివేదికలో పేర్కొంది. విచారణ జరిపిన దేశాల తప్పులే మనకు వివరంగా తెలుస్తున్నాయి కాబట్టి అవే ఎక్కువ తప్పులు చేసినట్టు కనబడటం సహజం, పోల్చేవారు ఈ వక్రతను లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాతి మహమ్మారికి అంతర్జాతీయంగా ఏదైనా ఏర్పాటు ఉందా?

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వేదికైన ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. మహమ్మారి వచ్చినప్పుడు, ఒప్పందంలో చేరిన తయారీదారులు తమ టీకాలు, మందులు, పరీక్షా కిట్ల ఉత్పత్తిలో 20 శాతాన్ని తయారవుతుండగానే ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలని, అందులో కనీసం సగం విరాళంగా ఇవ్వాలని అందులో ఉంది. బదులుగా దేశాలు వైరస్ నమూనాలను, జన్యు సమాచారాన్ని త్వరగా పంచుకోవాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎలా నడవాలో చెప్పే అనుబంధాన్ని మాత్రం తర్వాతి చర్చలకు వదిలేశారు. అది ఆమోదం పొందాకే ఒప్పందం సంతకాలకు తెరుచుకుంటుంది, 60 దేశాలు ధ్రువీకరించాకే అమల్లోకి వస్తుంది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించిన అమెరికా ఆ చర్చల నుంచి కూడా తప్పుకుంది.